ఇంటర్నెట్ వల్ల మెదడు పాడైందా, లేక అలవాటు మారిందా?

ముందుగా మీ ప్రశ్న సారాంశం చెప్పి తరువాత సమాధానంలోకి వస్తాను. మీకు 41 ఏళ్ళు. ఒకప్పుడు రెండు రాత్రుల్లో ఒక నవల ముగించేవారు. ఇప్పుడు మూడు పేజీలు చదివేసరికి చెయ్యి దానంతట అదే ఫోన్ మీదికి పోతోంది. ఇరవై ముప్ఫై ఫోన్ నంబర్లు నోటికి వచ్చేవి. ఇప్పుడు మీ శ్రీమతి నంబరు కూడా చూసి చెప్పవలసి వస్తోంది. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే మీ అబ్బాయి రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూసి, కాలేజీ బస్సు కోసం పొద్దున ఆరింటికి లేస్తున్నాడు. ఈలోగా ఇంటర్నెట్ వాడకంతో మెదడు కుంచించుకుపోతుందని ఎక్కడో చదివి, తండ్రీకొడుకులిద్దరూ ఎమ్మారై తీయించుకోవాలా, జరిగిన నష్టం మళ్ళీ పూడుతుందా అని అడిగారు.

నేను ఒక వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్రాన్ని, అందులోనూ ఎక్కువగా నాడీవ్యవస్థను, ఇరవై రెండేళ్ళు బోధించి విరమించినవాణ్ణి. మానసిక వైద్యుణ్ణి కాను కాబట్టి, కింద రాసేదాన్ని చికిత్సగా కాక, ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలను చదివి, కొన్నిటిని నమ్మి, కొన్నిటిని పక్కన పెట్టిన మనిషి అభిప్రాయంగా తీసుకోండి. స్కాన్ సంగతి ముందే తేల్చేస్తాను: అక్కర్లేదు. పక్షవాతం, కణితి, రక్తస్రావం వంటివి వెతకడానికి ఎమ్మారై పనికొస్తుంది గాని, మెదడు చిత్రాన్ని చూసి ఈ మనిషి రోజుకు ఆరు గంటలు ఫోన్ చూస్తాడని చెప్పగల రేడియాలజిస్టు ఎవరూ లేరు. మీరు చదివిన వ్యాసాల్లోని తేడాలు కొంతమంది సగటును మరికొంతమంది సగటుతో పోల్చినప్పుడు బయటపడే సన్నని తేడాలు. వాటిని ఒక్క మనిషికి ఆపాదించడం, జిల్లా సగటు వర్షపాతం చూసి మీ పెరటి బావిలో నీళ్ళెంత ఉన్నాయో చెప్పడం వంటిది.

ఇక మెదడును “మారుస్తుంది” అన్న మాటకు వద్దాం. ఆ మాట వినగానే మనకు ఏదో పాడైపోయినట్టు తోస్తుంది. నిజానికి మెదడు చేసే పనే అది. పదే పదే వాడిన నాడీసంధులు, అంటే నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట్లు, బలపడతాయి, వాడనివి సన్నగిల్లుతాయి. వీణ నేర్చుకున్నా, కొత్త ఊళ్ళో కాపురం పెట్టినా, ఎక్కాలు వల్లె వేసినా మెదడు మారుతుంది. దీనికి నాకు తెలిసిన అత్యుత్తమ ఉదాహరణ ఇంటర్నెట్‌కు సంబంధించినది కానే కాదు. లండన్‌లో నల్ల టాక్సీ నడపాలంటే నగరంలోని సుమారు 25,000 వీధులను, వాటి మధ్య దారులను కంఠస్థం చేసి పరీక్ష నెగ్గాలి. దీనికి సాధారణంగా మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఎలినార్ మాగ్వైర్ అనే శాస్త్రవేత్త బృందం ఆ డ్రైవర్ల మెదళ్ళను పరిశీలించి, దారుల జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్‌లో వెనుక భాగం ఇతరులకన్నా పెద్దదిగా ఉన్నదని 2000లో ప్రకటించింది. పుట్టుకతోనే అలాంటి మెదడు ఉన్నవాళ్ళే టాక్సీ డ్రైవర్లయ్యారేమో అన్న సందేహం సహజంగానే వచ్చింది. దాన్ని తీర్చడానికి 79 మంది శిక్షణార్థులను మొదటినుంచీ వెంబడించి, 2011లో ఫలితం చెప్పారు: పరీక్ష నెగ్గిన 39 మందిలో ఆ భాగం పెరిగింది, నెగ్గనివారిలో పెరగలేదు. ఇక్కడ చాలామంది గమనించని ముక్క ఒకటుంది. నెగ్గినవారు కొత్తగా చూపిన ఒక చిక్కు బొమ్మను గుర్తుపెట్టుకుని కాసేపటి తరువాత తిరిగి గీయడంలో మిగతావారికన్నా వెనకబడ్డారు. అంటే మంచి మార్పు కూడా ఉచితంగా రాలేదు. నగరమంతా తలలో పెట్టుకున్న మెదడు మరోచోట కొంత చెల్లించుకుంది.

టాక్సీ పరిశోధనలో ఉన్న ఆ క్రమం, అంటే ముందు కొలిచి, తరువాత అలవాటు పెరిగాక మళ్ళీ కొలవడం, ఇంటర్నెట్ గురించిన చాలా పరిశోధనల్లో ఉండదు. ఒకే రోజున కొందరిని పిలిచి, ఎక్కువ వాడేవారి మెదడును తక్కువ వాడేవారి మెదడుతో పోలుస్తారు. తేడా కనబడితే, వాడకం వల్ల తేడా వచ్చిందా, ఆ తేడా ఉన్నవాళ్ళే ఎక్కువగా వాడుతున్నారా అన్నది తేలదు. ఒంటరితనం, నిద్రలేమి, ఇంట్లో గొడవలు ఇటు వాడకాన్నీ అటు మెదడునూ కలిపే మూడో కారణం కావచ్చు. అమెరికాలో దాదాపు 12,000 మంది పిల్లలను 9, 10 ఏళ్ళ వయసునుంచి ఏళ్ళ తరబడి పరిశీలిస్తున్న ఒక పెద్ద అధ్యయనం ఉంది. ఆ సమాచారాన్ని విశ్లేషించి 2023లో వెలువడిన ఒక పత్రం, తెర ముందు గడిపిన సమయానికీ మెదడు భాగాల మధ్య సంబంధాల తీరుకూ చెప్పుకోదగ్గ ముడి కనబడలేదని తేల్చింది. అదే సమాచారంలోంచి చిన్నచిన్న ముడులు చూపిన పత్రాలూ ఉన్నాయి. ఇంత పెద్ద జల్లెడ పట్టినా దొరికినవి ఇంత చిన్నవైనప్పుడు, “మెదడు కుంచించుకుపోతుంది” అనే శీర్షికను నేను నమ్మను. వ్యతిరేక దిశలో వచ్చే శీర్షికలూ అంతే. 2009లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 55 నుంచి 76 ఏళ్ళ మధ్య వయసున్న 24 మందిని పరీక్షించి, వెతకడం అలవాటున్నవారి మెదడు ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు ఎక్కువ చురుగ్గా ఉన్నదని చూపగానే, గూగుల్ వల్ల తెలివి పెరుగుతుందని పత్రికలు రాసేశాయి. స్కాన్‌లో ఎక్కువ వెలుగు అంటే ఎక్కువ తెలివి అని అర్థం కాదు. ఆ భాగం ఎక్కువగా పనిచేస్తున్నదని మాత్రమే.

మరి మీకు కలిగిన అనుభవం అబద్ధమా? కాదు. మూడు పేజీలకే చెయ్యి ఫోన్ మీదికి పోవడం నిజం. అయితే అది సామర్థ్యం పోవడం కాదనీ, అలవాటు మారడమనీ నా అభిప్రాయం. ఈ రెండిటికీ తేడా తెలియాలంటే శ్రద్ధ ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి.

మన మనోవిజ్ఞాన పాఠ్యపుస్తకాల్లో శ్రద్ధకు వాడే మాట “అవధానం”. ఆ మాట ఎంత సరైనదో అష్టావధానం చూసినవారికి అర్థమవుతుంది. ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది చుట్టూ కూర్చుంటారు. ఒకరు పద్యంగా పూరించమని సమస్య ఇస్తారు, ఒకరు పద్యంలో వాడి తీరవలసిన పదాలతో దత్తపది ఇస్తారు, నిషిద్ధాక్షరి అడిగేవారు ప్రతి అక్షరం దగ్గరా అడ్డు పడతారు, మరొకరు గంట కొడుతుంటే ఆ దెబ్బలను లెక్కపెట్టుకోవాలి. వీటన్నిటి నడుమ అప్రస్తుత ప్రసంగి అనే ఆయన ఉంటాడు. సంబంధం లేని ప్రశ్నలతో అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడమే ఆయన పని. అన్నీ అయ్యాక అవధాని పద్యాలన్నిటినీ ధారణ చేసి అప్పజెబుతాడు. ఇది చూసి చాలామంది అవధాని ఒకేసారి ఎనిమిది పనులు చేస్తున్నాడనుకుంటారు. కాదు, ఒక్కొక్కటే చేస్తున్నాడు. ఒక పృచ్ఛకునికి ఒక పాదం పూర్తిగా చెప్పి, ఆ పాదాన్ని మనసులో ఒకచోట భద్రపరిచి, అప్పుడు రెండోవారి వైపు తిరుగుతాడు. పైగా ఛందస్సు ఏళ్ళ సాధనతో ఆలోచించకుండానే నడిచేంతగా ఒంటబట్టింది కాబట్టి, శ్రద్ధలో చాలా భాగం ఆయనకు మిగులుతుంది.

మనం ఫోన్‌తో చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. వాక్యం మధ్యలో లేస్తాం. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపినది ఇదే: ఒక పనిని సగంలో వదిలి రెండోదానికి వెళితే, మనసులో కొంత భాగం మొదటి పని దగ్గరే చిక్కుకుని ఉండి రెండో పనిని దెబ్బతీస్తుంది, మొదటిదాన్ని గడువులోగా ముగించి వెళ్ళినవారిలో ఆ చిక్కు తక్కువ. పాదం పూర్తి చేసి తిరగడంలో ఉన్న కిటుకును మన అవధానులు ప్రయోగశాల లేకుండానే పట్టుకున్నారనిపిస్తుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ శాఖలో గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు ఉద్యోగులు కంప్యూటర్ ముందు ఎలా పనిచేస్తారో ఏళ్ళ తరబడి కొలిచారు. 2004 ప్రాంతంలో ఒక తెర మీద సగటున రెండున్నర నిమిషాలు నిలిచేవారు. తరువాతి కొలతల్లో అది 47 సెకన్ల దాకా పడిపోయింది. దీనికన్నా నాకు ముఖ్యంగా తోచినది ఆమె చెప్పిన మరో విషయం. అంతరాయాల్లో దాదాపు సగం బయటినుంచి వచ్చినవి కావు. ఫోన్ మోగకపోయినా, ఎవరూ పిలవకపోయినా, మనిషి తనంత తానే పని ఆపి మరోదానికి వెళుతున్నాడు. అవధానంలో అప్రస్తుత ప్రసంగి ఎదురుగా కూర్చుంటాడు, మనకు ఆయన లోపలే కూర్చున్నాడు. నోటిఫికేషన్లు ఆపేశాను, అయినా చదవలేకపోతున్నానని మీరు రాసిన వాక్యానికి సమాధానం ఇక్కడే ఉంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. మనిషి శ్రద్ధ 12 సెకన్ల నుంచి 8 సెకన్లకు పడిపోయిందనీ, బంగారు చేపకైనా 9 సెకన్లు ఉంటుందనీ ఒక మాట తిరుగుతోంది. 2015లో మైక్రోసాఫ్ట్ కెనడా విభాగం విడుదల చేసిన ఒక నివేదిక వల్ల అది ప్రపంచమంతా పాకింది. ఆ సంఖ్య వెనుక ఉన్న అసలు పరిశోధన ఏదని వెతికినవారికి ఏదీ దొరకలేదు. అసలు శ్రద్ధ అనేది సీసాలో నూనెలా ఇన్ని సెకన్లని కొలిచే వస్తువు కాదు. మూడు పేజీలు చదవలేని మీరే మూడు గంటల సినిమా చూడగలరు, ఆఖరి ఓవర్ దాకా క్రికెట్ చూడగలరు. శ్రద్ధ పెట్టే శక్తి ఉంది. నెమ్మదిగా ఫలమిచ్చే దాని మీద దాన్ని నిలిపే ఓర్పు తగ్గింది.

ఆ ఓర్పు ఎందుకు తగ్గుతుందన్న చోట అందరూ మెదడులో సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనం పేరు చెబుతారు, చాలామంది తప్పుగా చెబుతారు. డోపమైన్ ఆనందాన్నిచ్చే రసాయనం కాదు. వుల్‌ఫ్రామ్ షుల్ట్స్ అనే నాడీశాస్త్రవేత్త కోతులకు పండ్లరసం ఇస్తూ చేసిన ప్రయోగాల ఆధారంగా, ఆయన మరో ఇద్దరితో కలిసి 1997లో రాసిన పత్రం ఈ రంగాన్నే మార్చింది. అనుకోకుండా రసం దొరికినప్పుడు డోపమైన్ కణాలు ఒక్కసారిగా స్పందించాయి. రసానికి ముందు ఒక సంకేతం వస్తుందని కోతి నేర్చుకున్నాక, రసం దొరికినప్పుడు స్పందన ఆగిపోయి, సంకేతం కనబడినప్పుడే రావడం మొదలైంది. సంకేతం వచ్చి రసం రాకపోతే స్పందన మామూలు స్థాయికన్నా పడిపోయింది. అంటే ఆ కణాలు చెప్పేది “బాగుంది” అని కాదు. “అనుకున్నదానికన్నా మెరుగ్గా వచ్చింది, దీన్ని నేర్చుకో” అని. ఇప్పుడు రీల్స్‌ను ఈ కళ్ళతో చూడండి. పది వీడియోల్లో ఏడు చప్పగా ఉంటాయి, రెండు ఫరవాలేదు, ఒకటి కడుపుబ్బ నవ్విస్తుంది. ఆ ఒక్కటి ఎప్పుడొస్తుందో తెలియదు. ఇలా ఎప్పుడు దొరుకుతుందో తెలియని ఫలితమే అలవాటును అత్యంత మొండిగా నిలుపుతుందని మనోవిజ్ఞాన శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాల నాటినుంచీ తెలుసు. వేలితో పైకి తోయడమన్న చిన్న కదలికకు మెదడు ఇచ్చిన విలువ అలా పెరుగుతుంది. నవల ఇలా పనిచేయదు, నలభై పేజీల తరువాత గాని పట్టు చిక్కదు. ఈ మధ్య కొందరు ఫోన్ వంటి సరదాలను కొన్నాళ్ళు మానడాన్ని “డోపమైన్ ఉపవాసం” అంటున్నారు. డోపమైన్ ఉపవాసం చేసి తగ్గించుకోవలసిన కొవ్వు కాదు, దాన్ని తయారుచేసే కణాలు నశిస్తే వచ్చేది పార్కిన్సన్ వ్యాధి.

ఫోన్ నంబర్ల గురించి మీరు పడుతున్న బాధ నాకు అంతగా పట్టింపు లేనిది. ఆ రోజుల్లో నంబర్లు గుర్తున్నది జ్ఞాపకశక్తి గొప్పదవడం వల్ల కాదు, వాటిని రోజూ వేలితో తిప్పడమో నొక్కడమో చేయడం వల్ల. ఇప్పుడు పేరు నొక్కుతున్నారు, కాబట్టి పేరు గుర్తుంటోంది. 2011లో బెట్సీ స్పారో బృందం, ఒక సమాచారం కంప్యూటర్‌లో భద్రంగా ఉంటుందని తెలిస్తే దాన్ని తక్కువగా గుర్తుపెట్టుకుంటామని చూపి “గూగుల్ ప్రభావం” అనే పేరును వ్యాప్తిలోకి తెచ్చింది. అయితే ఆ పత్రంలోని ఒక ప్రయోగాన్ని ఇతరులు 2018లో జాగ్రత్తగా తిరిగి చేస్తే అదే ఫలితం రాలేదు. అందుకే దాన్ని నేను విద్యార్థులకు ఒక ఊహగా చెబుతాను తప్ప సూత్రంగా చెప్పను. రాసిపెట్టుకున్నదాన్ని మరిచిపోవడం చిట్టాపద్దుల కాలంనుంచీ ఉన్నదే.

నేను ఆందోళన పడేది మరో రకం మరుపు గురించి. పుస్తకంలో ఉన్న చదువు, పరుల చేతిలో ఉన్న డబ్బు అవసరానికి అక్కరకు రావని మన పెద్దలు చెప్పేవారు. దానికి కారణం నాడీశాస్త్రంలో ఉంది. ఒకేసారి మనసులో పట్టుకోగల విషయాలు నాలుగైదుకు మించవు. ఆ ఇరుకు గదిలో ఆలోచన సాగాలంటే, మిగతాదంతా దీర్ఘకాల స్మృతినుంచి తనంతట తాను వచ్చి సాయపడాలి. చదరంగంలో ఆరితేరినవారు నిజమైన ఆటలోని స్థితిని కొన్ని సెకన్లు చూసి దాదాపు పూర్తిగా చెప్పగలరనీ, పావులను ఇష్టమొచ్చినట్టు పేర్చితే వారి ఆధిక్యం చాలావరకు పోతుందనీ 1973లో ఛేజ్, సైమన్ అనే పరిశోధకులు చూపారు. వారికున్నది గొప్ప జ్ఞాపకశక్తి కాదు, ఆటల గురించి తలలో నిలిచిన జ్ఞానం. పదమూడో ఎక్కం రాని పిల్లవాడు లెక్క మధ్యలో ఫోన్ తీసి గుణిస్తే జవాబు వస్తుంది, కాని ఆ గుణకారం చేసేలోగా లెక్క ఎటు పోతున్నదో మరిచిపోతాడు. దీనికి తోడు ఇంకో చిక్కుంది. ఇంటర్నెట్‌లో వెతికి చదివినవారు, ఆ తరువాత దానితో సంబంధంలేని విషయాలు కూడా తమకు బాగా తెలుసునని అంచనా వేసుకుంటారని ఫిషర్, గొడ్డు, కైల్ 2015లో కనుగొన్నారు. దొరికినదానికీ తెలిసినదానికీ మధ్య గీత చెరిగిపోతోంది. కాబట్టి నంబర్లు, తేదీలు, చిరునామాలు ఫోన్‌కు అప్పగించండి. దేనితో ఆలోచించాలో దాన్ని మాత్రం అప్పగించవద్దని మీ అబ్బాయికి చెప్పండి. సూత్రాలు, పదజాలం, రసాయన శాస్త్రంలోని మూలకాల పట్టిక అలాంటివే.

చదువు విషయంలోనే ఇంకొక్క మాట. కాగితం మీద, తెర మీద చదివినప్పుడు అర్థం చేసుకోవడాన్ని పోల్చిన 54 పరిశోధనలను కలిపి 2018లో ఒక విశ్లేషణ వచ్చింది; అందులో పాల్గొన్నవారు 1,70,000 మందికి పైగా. కాగితానికే మొగ్గు కనబడింది, ముఖ్యంగా గడువు ఒత్తిడి ఉన్నప్పుడు, సమాచారం నిండిన పాఠాల విషయంలో. కథల విషయంలో ఆ తేడా కనబడలేదు. తేడా పెద్దదేమీ కాదు గాని, పోటీ పరీక్షకు చదివే పిల్లవాడికి పాఠాన్ని ముద్రించి ఇవ్వడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే లాభమే.

ఇప్పటిదాకా చెప్పినవాటిలో చాలావరకు “కావచ్చు”, “అంతగా తేలలేదు” అన్న మాటలు దొర్లాయి. నిద్ర దగ్గర అలాంటి మెత్తని మాటలు వాడను. మీరు స్కాన్ గురించి అడిగిన ఆదుర్దా అంతా మీ అబ్బాయి నిద్ర మీద పెట్టి ఉండవలసింది. 13 నుంచి 18 ఏళ్ళ వయసువారికి రాత్రికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రావైద్యుల సంఘం 2016లో ప్రకటించింది. ఒంటిగంటకు పడుకుని ఆరింటికి లేచే కుర్రవాడికి దొరికేది 5 గంటలు. రోజుకు కనీసం 3 గంటల చొప్పున వారంలో ఆరు రోజులకు 18 గంటల అప్పు. ఆదివారం పన్నెండింటి దాకా పడుకున్నా ఆ అప్పు తీరదు, పైగా సోమవారం మరింత కష్టమవుతుంది. పగలు నేర్చుకున్నది హిప్పోకాంపస్‌నుంచి మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లోకి స్థిరపడేది ముఖ్యంగా నిద్రలోనే. అంటే సాయంత్రం ట్యూషన్‌కు మీరు కట్టిన ఫీజులో కొంత భాగం రాత్రి ఒంటిగంటకు మంచం మీద ఒలికిపోతోంది. యౌవనంలో నిద్రవేళను సూచించే మెలటోనిన్ అనే హార్మోను విడుదలయ్యే వేళ సహజంగానే గంటా రెండు గంటలు ఆలస్యమవుతుంది కాబట్టి, తొమ్మిదింటికే పడుకోమని తిట్టడం వల్ల ఫలితం లేదు. పదిన్నర సాధ్యమే.

తెర వెలుగును గురించి కూడా అడిగారు. 2015లో హార్వర్డ్‌కు చెందిన పరిశోధకులు 12 మందిని పడుకోబోయే ముందు నాలుగేసి గంటలు వెలుగునిచ్చే తెర మీద చదివించి, మరికొన్ని రాత్రులు కాగితం పుస్తకం చదివించి పోల్చారు. తెర మీద చదివాక మరుసటి సాయంత్రం మెలటోనిన్ గంటన్నర ఆలస్యంగా పెరిగింది, చదివిన రాత్రి నిద్ర పట్టడానికి మాత్రం పది నిమిషాలే ఎక్కువ పట్టింది. నాలుగు గంటల వెలుగుకు పది నిమిషాలు. అందుకని నీలికాంతిని ఆపుతాయంటూ అమ్మే కళ్ళజోళ్ళ మీద డబ్బు పెట్టకండి. మీ అబ్బాయి నిద్రను తింటున్నది వెలుగుకన్నా, “ఇంకొక్కటి” అనిపించే ఆ వరస.

మనసు మీద ప్రభావం సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీరు దాన్ని ముఖ్యంగా అడగలేదు. ఎమీ ఆర్బెన్, ఆండ్రూ షిబిల్‌స్కీ 2019లో 3,55,358 మంది కౌమారుల సమాచారాన్ని పరిశీలించి, వారి మానసిక క్షేమంలోని తేడాల్లో డిజిటల్ వాడకం వివరించగలిగినది 0.4 శాతానికి మించదని చెప్పారు. ఇది సగటు మాట. సగటులో ఒక పిల్లవాడి కన్నీళ్ళు కనబడవు. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది, అది 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో సాంకేతిక వ్యసనాల కోసమే 2014లో ప్రత్యేక క్లినిక్ తెరిచారు. వాడకం మీద అదుపు తప్పి, నెలల తరబడి చదువూ, తిండీ, స్నేహాలూ వెనక్కి పోయి, ఫోన్ తీసుకుంటే హింసకు దిగే స్థితి ఉంటే, అక్కడ నా వంటివాడి సలహా చాలదు; ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మీరు రాసినదాన్ని బట్టి మీ ఇంట్లో అంత పరిస్థితి లేదు.

మీ ప్రశ్నలో చివరిది, నాకు అన్నిటికన్నా నచ్చినది: తిరిగి వస్తుందా? 2025లో వెలువడిన ఒక ప్రయోగంలో, సగటున 32 ఏళ్ళ వయసున్న 467 మంది తమ ఫోన్లలో ఇంటర్నెట్‌ను రెండు వారాలు ఆపడానికి ఒప్పుకున్నారు. కాల్స్, సందేశాలు పనిచేశాయి, కంప్యూటర్‌లో ఇంటర్నెట్ వాడుకోవచ్చు, ఫోన్‌లో మాత్రమే లేదు. శ్రద్ధను నిలుపుకోవడాన్ని కంప్యూటర్ మీద కొలిస్తే, వయసు పెరిగేకొద్దీ పదేళ్ళలో ఎంత తగ్గుతుందో సుమారుగా అంత మెరుగుదల కనబడింది. మనసూ తేలికపడింది, ఆ రోజుల్లో వారు బయట తిరగడానికి, మనుషులతో నేరుగా మాట్లాడటానికి, నిద్రకు ఎక్కువ సమయం ఇచ్చారు. మెదడులో ఏదో శాశ్వతంగా దెబ్బతిని ఉంటే రెండు వారాల్లో ఇలా తేరుకునేది కాదు. అలవాటు మారిందే గాని సామర్థ్యం పోలేదని నేను మొదట చెప్పినదానికి నా దగ్గరున్న గట్టి ఆధారం ఇదే. అయితే ఆ ప్రయోగంలోనే దాగిన మరో సంగతి చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది: సిద్ధపడిన వారిలో దాదాపు నాలుగో వంతు మంది మాత్రమే పద్నాలుగు రోజుల్లో కనీసం పది రోజులు ఆ నియమాన్ని పాటించారు. మానడం కష్టమే.

పూర్తిగా మానమని నేనూ చెప్పను. యాభై దాటినవారిలో డిజిటల్ సాధనాల వాడకాన్ని పరిశీలించిన 57 పరిశోధనలను, 4 లక్షలకు పైగా మంది సమాచారాన్ని కలిపి 2025లోనే చేసిన విశ్లేషణలో, వాడేవారిలో జ్ఞాపకశక్తి, ఆలోచన మందగించే అవకాశం తక్కువగా కనబడింది. మెదడు చురుగ్గా ఉన్నవాళ్ళే వాడుతున్నారేమో అన్న సందేహం ఇక్కడా ఉంటుంది. అయినా అమెరికాలో ఉన్న మనుమరాలితో వీడియో కాల్ మాట్లాడటానికి మా ఇంటి పక్క పెద్దావిడ 74 ఏళ్ళ వయసులో ఫోన్ నేర్చుకోవడం చూశాక, ఆ నేర్చుకోవడమే ఒక వ్యాయామమని నాకు తోచింది.

చేయవలసినది ఇది. రాత్రి పదింటికి ఇంట్లోని ఫోన్లన్నీ హాల్లో ఒకేచోట ఛార్జింగ్‌కు పెట్టండి, ముందు మీది పెట్టండి. తండ్రి ఫోన్ దిండు కింద ఉండగా కొడుకు ఫోన్ హాల్లో ఉండదు. పొద్దున లేవడానికి పాత అలారం గడియారం కొనండి. చదివేటప్పుడు ఫోన్ వేరే గదిలో ఉండాలి. బల్ల మీద మౌనంగా పడివున్న ఫోన్ కూడా ఆలోచనను తగ్గిస్తుందని 2017లో ఒక పరిశోధన చెప్పింది, తరువాతి పరీక్షల్లో ఆ ఫలితం ఒకసారి వచ్చి ఒకసారి రాలేదు; దాని సంగతి ఎలా ఉన్నా, లేచి నాలుగడుగులు వేయవలసి వస్తే ఆ లోపలి అప్రస్తుత ప్రసంగి చాలాసార్లు బద్ధకిస్తాడు. లేవక తప్పదనిపిస్తే పేరా ముగించి లేవండి, వాక్యం మధ్యలో కాదు.

మెరుగుపడుతున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి స్కాన్ బదులు ఒక పెన్సిల్ తీసుకోండి. రోజూ ఒకే సమయంలో, కాగితం పుస్తకంలో పది పేజీలు చదవండి. మనసు పుస్తకం దాటి పోయినట్టు గమనించిన ప్రతిసారీ పక్క మార్జిన్‌లో ఒక చుక్క పెట్టి చదువు కొనసాగించండి, చివర తేదీ వేయండి. మొదటి రెండు మూడు రోజులు చుక్కలు పెరగవచ్చు, అప్పటిదాకా పోతున్నట్టే తెలియని మనసు ఇప్పుడు పట్టుబడుతున్నది కాబట్టి. నేను రెండేళ్ళ క్రితం ఇలా మొదలుపెట్టినప్పుడు మొదటి రోజు పది పేజీల్లో 31 చుక్కలు పడ్డాయి. మూడో వారం చివర 8. ఆ పుస్తకం ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. మీ చుక్కల లెక్క మూడు వారాల తరువాత రాయండి, మీ అబ్బాయి కూడా పెడితే వాడి లెక్క విడిగా రాయండి.